వేసవిలో పట్టేసే తలుపు: మా ఇంటి నేల కొలతల డైరీ

ఫిబ్రవరి 8

వానాకాలంలో తలుపులు పట్టేయడం కోనసీమలో వింతేమీ కాదు. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, చలి మొదలయ్యేసరికి తనే సర్దుకుంటుంది. మా వాయవ్యం గది తలుపు మాత్రం దీనికి తిరకాసు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ అంది: "అన్నీ వానలకి పడితే ఇది ఎండలకి పడుతుందిరా. పోయినేడు మే నెలలో భుజం పెట్టి తోస్తేగానీ రాలేదు. ఇప్పుడు చూడు, చిటికెన వేలితో తీస్తున్నా."

మూడు వారాలుగా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఎండలకి చెక్క కుదించుకుపోతుంది. తలుపు వదులవ్వాలి. బిగుసుకుందంటే మారింది తలుపు కాదు, ద్వారబంధం. ద్వారబంధం మారిందంటే దాన్ని పట్టుకున్న గోడ కదిలింది.

ఆ గదిలోనే కిటికీ పై మూల నుంచి స్లాబు దాకా మెట్లు మెట్లుగా ఒక పగులు ఉంది. రెండేళ్ళుగా దాని మీద క్యాలెండర్ వేలాడుతోంది, అందుకే నాకు తెలీలేదు. దానికి తోడు అక్క కొడుకు నైరుతి గదిలో గోలీ వదిలితే అది తనంతట తను హాల్లోకి దొర్లుకుంటూ పోయింది. వాడికి ఆట, అమ్మకి బెంగ.

ఇల్లు 1998 నాటిది. 1996 నవంబరు 6 తుపానుకి పాత పెంకుటిల్లు పోయాక నాన్న కట్టించిన డాబా. ఊరు రాజోలు దగ్గర, వశిష్ఠకీ వైనతేయకీ మధ్య. తూర్పు ముఖం, ఇటుక గోడల మీద స్లాబు, పిల్లర్లు లేవు. స్థలంలో సగం ఒకప్పుడు గుంట. దాన్ని పూడ్చి, మెరక చేసి, నడుము ఎత్తున బేస్‌మట్టం లేపి కట్టారు.

ఎవరి కారణం వాళ్ళు చెబుతున్నారు. పడమటి గోడ అవతల పొలం రెండేళ్ళ కిందట రొయ్యల చెరువైంది, దానివల్లే అంటాడు బాబాయి. భూమిలోంచి గ్యాస్ తోడేస్తున్నారు, కుంగక ఏం చేస్తుందని టీ కొట్టు దగ్గర మాట. ఒక కాంట్రాక్టరు వచ్చి, జేబులోంచి టేపు కూడా తీయకుండా, పునాది కింద కాంక్రీటు ఎక్కించాలి, మూడు లక్షల ఎనభై వేలవుతుందన్నాడు. కొలవకుండా ఎనభై వేల దాకా లెక్క ఎలా వచ్చిందో అడగలేదు.

నా పని ఎలక్ట్రానిక్ కాటాల రిపేరు. రైసు మిల్లులు, రొయ్యలు కొనే షెడ్లు నా ఖాతాదారులు. సివిల్ పని రాదు. కానీ ఒక రీడింగ్‌ని నమ్మాలా వద్దా అన్నది నా కూడు పెట్టే విద్య. దాదాపు నాలుగు లక్షలు పెట్టేముందు ఒక ఏడాది కొలుద్దామని అమ్మని ఒప్పించాను.

ఫిబ్రవరి 9

ముందు సులువైనవన్నీ చేసి చూశాను. ఫోనులో లెవెల్ యాప్ పదో వంతు డిగ్రీ దాకా చూపిస్తుంది. వినడానికి బాగుంది గానీ, 0.1 డిగ్రీ అంటే మీటరుకి 1.7 మి.మీ. పైగా ఫోను పొడవు జానెడు, ఒక టైల్ వంపుని ఇల్లంతటికీ అంటగడుతుంది. అదే చోట అటు తిప్పి పెడితే ఒక అంకె, ఇటు తిప్పి పెడితే ఇంకోటి. మేస్త్రీల రసమట్టానికీ ఇదే ఇబ్బంది, అది పట్టీ పొడవు మేరే చూస్తుంది. పక్క ఊరి టైల్స్ కుర్రాడి దగ్గర పచ్చ లేజర్ ఉంది, తెచ్చి ఇచ్చాడు పాపం. దాని పెట్టె మీదే పది మీటర్లకి 3 మి.మీ. అటూ ఇటూ అని రాసి ఉంది. గీత మందమే రెండు మి.మీ. ఉంది. టైల్స్ వేయడానికి చాలు, నాకు చాలదు.

మిగిలింది గొట్టం మట్టం: గొట్టంలో నీళ్ళు నింపితే రెండు కొసల్లోనూ ఒకే మట్టంలో నిలుస్తాయి. నీళ్ళు అబద్ధమాడవు అంటారు మేస్త్రీలు.

ఫిబ్రవరి 16

ఆడతాయి.

పన్నెండు మీటర్ల తెల్ల గొట్టం కొని, రెండు కొసలకీ స్టీలు స్కేళ్ళు కట్టి, హాలు గుమ్మం దగ్గర ఒక కొస పెట్టి రెండో కొసతో ఇల్లంతా తిరిగాను. ఇరవై రెండు చుక్కలు. సాయంత్రం మళ్ళీ అవే చుక్కలు కొలిస్తే కొన్ని చోట్ల 4 మి.మీ. తేడా. పొద్దుటికీ సాయంత్రానికీ ఇల్లు అంత కదిలితే మేం ఈపాటికి రోడ్డు మీద ఉండాలి.

తప్పులు ఒక్కొక్కటీ దొరికాయి. గొట్టం మధ్యలో బియ్యపు గింజంత గాలి బుడగ. నింపేటప్పుడు గబగబా పోశాను, అక్కడ చిక్కింది. అసలు తప్పు అది కాదు. రెండు కొసలూ ఒకే లావు గొట్టం కాబట్టి, తిరిగే కొసలో నీరు ఒక సెంటీమీటరు దిగితే కదలని కొసలో అంత ఎక్కుతుంది. నేను కదలని కొస ఒకసారి చూసి, అది అక్కడే ఉందనుకుని తిరిగాను. ప్రతి చుక్కకీ రెండు కొసలూ చూడాలి. నేనొక్కణ్ణే. అమ్మని కూచోబెడితే పది చుక్కలయ్యాక "నాకు పప్పు మాడుతోంది" అని లేచిపోయింది.

ఫిబ్రవరి 23

కదలని కొసకి పెయింట్ బకెట్ తగిలించాను. బకెట్ అడుక్కి దగ్గరగా చిల్లు పెట్టి, చిన్న నాజిల్ బిగించి, గొట్టం దానికి తొడిగాను. బకెట్ అడ్డం 200 మి.మీ., గొట్టం లోపలి అడ్డం 8. వైశాల్యంలో 625 రెట్లు. గొట్టంలో నీరు ఒక సెంటీమీటరు మారినా బకెట్లో వెంట్రుకవాసి కూడా మారదు. ఇక నేనొక్కణ్ణే తిరగొచ్చు. నీళ్ళలో బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు, సబ్బు నీళ్ళు ఒక్క చుక్క వేశాను. నీలం కంటికోసం, సబ్బు నీటి అంచు గొట్టానికి అంటుకుని మొండికేయకుండా. కొస పెట్టాక నిదానించేదాకా రెండు నిమిషాలు ఆగాలి. ఆ ఓపిక లేకపోతే ఈ పని పెట్టుకోకూడదు.

మూడుసార్లు వరసగా కొలిచాను. ఎక్కడా తేడా 1 మి.మీ. దాటలేదు. కాటా అయితే దీన్ని పాస్ చేస్తాను.

మార్చి 2

ఇవాళ ఆ అంకెలతో గ్రాఫు కాగితం మీద నేల పటం గీశాను. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, రెంటికీ మధ్య 22 మి.మీ. హాలు నడిమధ్యన పళ్ళెంలా 14 మి.మీ. గుంట. చూస్తే గుండె జారింది. ఇల్లు ఈశాన్యానికి ఒరిగిపోతోందని అమ్మకి చెప్పేశాను కూడా.

అప్పట్లో ఇల్లు కట్టిన తాపీ మేస్త్రిగారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. పనికి వెళ్ళడం మానేశారు గానీ చూపు చురుకే. పిలిస్తే వచ్చారు. కాగితం చూసి నవ్వారు.

"ఇది కుంగింది కాదు అబ్బాయిగారూ, మేం పెట్టిన వాటం. ఈశాన్యం పల్లం ఉండాలని మీ నాన్నగారు దగ్గరుండి గొట్టం పట్టించారు. గది కడిగితే నీళ్ళు అటే పోవాలన్నారండి. ముప్పావు అంగుళం పెట్టాం, నాకు బాగా గుర్తు."

ముప్పావు అంగుళం అంటే 19 మి.మీ. నేను 22 కొలిచాను. ఇన్నేళ్ళలో మిగిలిన మూడూ ఇల్లు కదిలిందో, ఆయన చెయ్యి కదిలిందో ఎవరు చెప్పగలరు? గోలీ దొర్లింది వాస్తు ప్రకారం. ఈ డెల్టాలో ఏ ఇంట్లోనైనా గోలీ ఈశాన్యానికే దొర్లుతుందేమో. ఎవరైనా ఇల్లు కొనేముందు గోలీతో పరీక్ష చేస్తుంటే ఈ సంగతి కాస్త చెవిన వేయండి.

హాలు గుంట సంగతీ ఆయనే తేల్చారు. చేతికర్రతో టైల్ మీద కొడితే గోడ వారన గట్టిగా, మధ్యలో డొల్లగా పలికింది. గోడ కింది స్కర్టింగ్‌కీ టైల్‌కీ మధ్య ఒకచోట నా వేలు పట్టేంత సందు. "గోడ పునాది మీద ఉందండి. నేల మనం తోలిన మట్టి మీద ఉంది. ఆ మట్టి దిమ్మిస కొట్టకుండా నింపేశారు, వానలొచ్చేస్తున్నాయని తొందర." మట్టి అణిగి నేల కిందికి జారింది, గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే నేల వంపు చూసి ఇంటి ఆరోగ్యం చెప్పడం, చాప ముడత చూసి మంచం విరిగిందనడంలాంటిది.

ఇన్నాళ్ళూ కొలవాల్సింది వదిలేసి వేరేది కొలిచాను. ఎంత వంకరగా ఉందన్నది కాదు, నా బేరం. ఎంత మారుతోందన్నది. అదీ నేలది కాదు, గోడది.

మార్చి 9

గోడల అడుగున, బేస్‌మట్టం పైన జానెడు ఎత్తులో, చుట్టూ పద్నాలుగు స్టెయిన్‌లెస్ స్క్రూలు దించాను. గుండ్రటి తల ఉన్నవి. స్కేలు ప్రతిసారీ ఆ తల మీదే నిలబెడతాను. హాల్లో నేల మీద ఐదు చుక్కలు అలాగే ఉంచాను, పోలికకి. చాక్‌పీస్‌తో పెడితే అమ్మ తడిగుడ్డకి పోతున్నాయని అక్క గోళ్ళరంగు వాడాను.

దేనితో పోల్చి కొలవాలన్నది పెద్ద ప్రశ్న. అన్నీ కలిసి దిగితే ఇంట్లో కూచుని చూసేవాడికి ఏమీ తెలీదు. పడవలో ఉన్నవాడికి పడవ కదిలినట్టు తెలీనట్టే. పెరట్లో అరవై అడుగుల బోరు ఉంది. దాని కేసింగ్ పైపు పై అంచు నా మొదటి గుర్తు. దాన్నీ గుడ్డిగా నమ్మలేను కాబట్టి, ఉత్తరం పక్క వాళ్ళు పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేసి కొత్తగా కట్టిన ఇంటి పిల్లర్ మీద, అడిగి, ఇంకో స్క్రూ పెట్టాను. పైల్స్ పై మట్టిని దాటి లోతుకి దిగుతాయి, ఎండావానలకి పై మట్టి చేసే అల్లరి వాటికి అంతగా తగలదు. ప్రతిసారీ ముందు ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి చూసి, తర్వాతే ఇల్లు.

గ్యాస్ మాటకొస్తే, అంత లోతున జరిగేదానికి కుంగితే ఊరు ఊరంతా కుంగుతుంది. నా బోరూ, పక్కింటి పైల్స్, రామాలయం అన్నీ కలిసే దిగుతాయి. నా బకెట్‌కి అది కనపడదు. ఒక్క మూల పగిలితే ఆ కారణం ఆ మూల దగ్గరే వెతకాలి.

పగులుకి అటు రెండు, ఇటు ఒకటి, త్రిభుజంలా మూడు చిన్న స్క్రూలు అతికించాను. వెర్నియర్‌తో వాటి మధ్య దూరాలు తీస్తే పగులు విచ్చుకుంటోందా, పక్కకి జారుతోందా రెండూ తెలుస్తాయి. పగులు పైన వెడల్పు, కింద సన్నం. ఇలా పైకి పోనుపోను విచ్చుకునే పగులుంటే గోడ చివర, అంటే మూల, కిందికి వాలుతోందని అర్థం. పగులుకి అడ్డంగా ఇవాళ్టి దూరం 31.4 మి.మీ. ఇకపై 'పగులు' అని రాసే అంకె ఈ దూరమే.

స్క్రూల ఎత్తులకి ఇవాళ్టి అంకెలన్నీ సున్నా. ఇకపై దిగితే మైనస్, లేస్తే ప్లస్, అన్నీ మి.మీ.లలో.

మార్చి 30

మధ్యాహ్నం ఒంటిగంటకి కొలిచాను, బుద్ధి లేక. తూర్పు అరుగు మీది స్క్రూలన్నీ రెండేసి మి.మీ. దిగిపోయాయి. అరుగు మీద ఎండ. నీడలో బకెట్, ఎండలో గొట్టం కొస. వేడెక్కిన నీరు తేలికవుతుంది, అదే బరువుకి ఇంకాస్త ఎత్తు నిలబడుతుంది, స్క్రూ దిగినట్టు చూపిస్తుంది. మీటరు ఎత్తు నీరు 30 డిగ్రీల నుంచి 40కి పోతే 3 మి.మీ. పైచిలుకు పెరుగుతుంది. నేల మీద పడుకున్న గొట్టంతో పేచీ లేదు, నిలబడ్డ భాగంతోనే. ఇకనుంచి తెల్లవారుజామున ఐదింటికే. అమ్మ కల్లాపి చల్లే వేళకి నా గొట్టం అడ్డం, ఆవిడ చీపురు నాకు అడ్డం.

ఏప్రిల్ 6

స్క్రూలన్నీ 0 నుంచి -1 లోపు. ఏమీ లేదు.

ఏప్రిల్ 13

ఇవాళ ఇంటి కొలత కాదు, అమ్మమ్మగారి ఊరు. లంక గ్రామం. పాత మండువా ఇల్లు, ఇప్పుడు తాళం వేసే ఉంటోంది. దీని గురించి ఎందుకు రాస్తున్నానంటే, అక్కడ నాకంటే నలభై ఏళ్ళ ముందు కొలిచినవాడు ఒకడున్నాడు.

1986 ఆగస్టు గోదావరి వరదలో ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. నీరు నిలిచి ఉండగానే తాతయ్య మండువా నాలుగు స్తంభాలకీ నీటి అంచు దగ్గర నాలుగు మేకులు కొట్టారట. "ఎంత ఎత్తు వచ్చిందో పిల్లలకి తెలియాలి" అని. చిన్నప్పుడు మేం ఆ మేకులకి సంచులు తగిలించేవాళ్ళం. పోయిన వారం నిద్రపట్టక పడుకున్నప్పుడు తట్టింది: ఇంట్లో నిలిచిన నీరు నాలుగు స్తంభాలకీ ఒకే మట్టం. ఆయన తెలీకుండానే నాకు సున్నా రాసి పెట్టి పోయారు.

బకెట్, గొట్టం బస్సులో పట్టుకెళ్ళాను. కండక్టరు చేపల వ్యాపారమా అని అడిగాడు. మూడు మేకులు 4 మి.మీ. తేడాలో ఉన్నాయి. వరద నీటిలో అలలుంటాయి, మేకు కొట్టే చెయ్యీ అటూ ఇటూ పోతుంది, ఆ మాత్రం తేడా లెక్కలోది కాదు. నాలుగోది, బావి పక్క స్తంభం మీది మేకు, 23 మి.మీ. కింద ఉంది. ఆ స్తంభం దిగింది, అనుమానం లేదు. పైన దూలం దగ్గర చూస్తే ఎవరో ఎప్పుడో చెక్క ముక్క దోపి సర్దారు.

పగుళ్ళు మాత్రం లేవు. సున్నం గానుగ పట్టి కట్టిన గోడలూ, చెక్క స్తంభాలూ నలభై ఏళ్ళలో 23 మి.మీ. మింగేసి మాట్లాడకుండా ఉన్నాయి. మా సిమెంటు ఇల్లు దాన్లో నాలుగో వంతుకే నోరు తెరుస్తుందని అప్పటికి నాకు తెలీదు.

ఏప్రిల్ 27

దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలకి నీళ్ళు కట్టేశారు. చెరువు లీజు రైతు రొయ్యలు పట్టేసి చెరువు ఎండగడుతున్నాడు. వాయవ్యం మూల -2. పగులు 31.8.

మే 18

వాయవ్యం -4.5. దాని నుంచి పడమటి గోడ వెంట మూడు మీటర్ల దూరంలోని స్క్రూ -1. నైరుతి -1. తక్కినవన్నీ సున్నా దరిదాపుల్లో. బోరూ పైల్స్ పిల్లరూ ఒకదానితో ఒకటి మి.మీ. లోపే. తలుపు అడుగున గచ్చుకి రాసుకుని అర్ధచంద్రాకారం గీత పడుతోంది. అమ్మ వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించేయమంటోంది. వద్దన్నాను, వానలకి మూల లేస్తే అడుగున పిల్లి దూరేంత సందు మిగులుతుంది.

బాబాయి చెరువు ఎండగట్టడం చూశాడు, అంకెలూ చూశాడు, ఇక ఆగలేదు. లీజు రైతుని పంచాయతీకి పిలుస్తానంటున్నాడు. ఆయన్ని ఆపడం నాకు కొలతలకంటే పెద్ద పనైంది.

జూన్ 15

వాయవ్యం -6. ఇదే అన్నిటికంటే కింద. పగులు 32.9. అంటే మూడు నెలల్లో 1.5 మి.మీ. విచ్చుకుంది. పి.గన్నవరం అక్విడక్టు (వైనతేయ మీదుగా కాలువని దాటించే వంతెన) దాటుకుని కాలువలో నీళ్ళొచ్చి పది రోజులు దాటినా మూల ఇంకా దిగుతూనే ఉంది. బంకమట్టికి తొందరుండదు. ఎండడానికీ నెలలు, తడవడానికీ నెలలు.

ఆ మూలకీ మూడు మీటర్ల అవతలి స్క్రూకీ (ఇది -1.5) మధ్య తేడా 4.5 మి.మీ. 3000 మి.మీ. దూరంలో 4.5 అంటే సుమారు 667లో ఒక వంతు. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు 98 భవనాల లెక్కలు చూసి, ఈ వాలు 300లో ఒక వంతైతే గోడలు పగులుతాయనీ, 150లో ఒక వంతైతే కట్టడానికే దెబ్బ అనీ తేల్చారు. డిజైన్‌కి 500లో ఒక వంతు దాటనీయొద్దన్నారు. మాది ఆ గీతకి ఇవతలే ఉంది. కానీ ఇది నేను చూసిన మార్పు మాత్రమే, మార్చి 9కి ముందు ఎంత దిగిందో దీన్లో లేదు. పిల్లర్లు లేని ఇటుక గోడ, మూల వాలితే ఇంకా ముందే పగులుతుంది కూడా.

హాలు గుంట? అదే 14. చుట్టూ గోడ స్క్రూలతో పోలిస్తే అటూ ఇటూ 1 కూడా మారలేదు. నన్ను అంత భయపెట్టింది ఎప్పుడో కదిలి ఊరుకుంది, క్యాలెండర్ వెనక ఉన్నది ఇప్పటికీ కదులుతోంది.

జూన్ 22

ఇవాళ్టితో బాబాయి చల్లబడ్డాడు.

చెరువు పడమటి గోడ పొడుగునా ఉంది. వాయవ్యం మూలకి ఎంత దూరమో నైరుతికీ అంతే. కాలువా రెండింటికీ ఒకటే. చెరువే కారణమైతే రెండు మూలలూ దిగాలి. నైరుతి 1.5 దగ్గర ఆగిపోయింది. వాయవ్యానికి ఉండి నైరుతికి లేనివి రెండే రెండు. ఒకటి, గట్టు మీది నిద్రగన్నేరు, మూలకి నాలుగున్నర మీటర్లలో. రెండు, స్లాబు వాన నీళ్ళు దిగే గొట్టం, సరిగ్గా ఆ మూల మీదే.

బోర్లు వేసేవాళ్ళ దగ్గర చేతి ఆగర్ (నేల తొలిచే బర్మా) అడిగి తెచ్చి, రెండు మూలల దగ్గరా ఐదడుగులు దించాను. నైరుతిలో అడుగున్నర ఇసుక మట్టి, ఆ కింద నల్ల బంక. ఐదడుగుల దగ్గర ఆగర్‌కి అంటుకుని గీకితేగానీ రాలేదు. వాయవ్యంలో అదే బంక, అదే లోతు, గట్టి బెల్లం అచ్చులా పెళుసుగా విరిగి వచ్చింది. విరిచి చూస్తే లోపల తలవెంట్రుకల్లాంటి వేళ్ళు.

నిద్రగన్నేరు నలభై అడుగుల ఎత్తుంటుంది. పెద్ద చెట్టు ఎంత ఎత్తో దాదాపు అంత దూరం దాకా బంకమట్టిని ఆరబెట్టగలదు. కాలువలు పారుతున్నంత కాలం దానికి నీటికి లోటు లేదు. కాలువ కట్టేసి, చెరువూ ఎండగడితే మా పునాది కింది తేమే దిక్కు. కాబట్టి చెరువుకి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వను. తాగింది చెట్టు.

జూన్ 29

మట్టి ఉబ్బుని ఇంట్లోనే చూడొచ్చు. ఆరబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టిన మట్టి పదేసి గ్రాములు కొలత గీతలున్న రెండు గాజు జాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, కలియబెట్టి ఒక రోజు వదిలేయాలి. కిరోసిన్‌కి బంక ఉబ్బదు, నీళ్ళకి ఉబ్బుతుంది. జల్లెడ కన్ను 425 మైక్రాన్లు ఉండాలని ప్రమాణం. తూకం నా వృత్తి కాబట్టి దాంతో ఇబ్బంది లేదు, కిరోసిన్ సంపాదించడానికే రెండు ఊళ్ళు తిరిగాను. కిరోసిన్‌లో 10 మి.లీ. దగ్గర ఆగింది, నీళ్ళలో 17.5కి లేచింది. 75 శాతం. 50 నుంచి 100 మధ్య అంటే మధ్యరకం ఉబ్బు. మరీ దారుణమేమీ కాదు, ఊరుకునేదీ కాదు.

జూలై

సీజను. కాటాలన్నీ ఒకేసారి పాడయ్యాయి. ఒక్క కొలతా లేదు.

ఆగస్టు 17

వాయవ్యం -3. తలుపు కదులుతోంది. తక్కిన తలుపులన్నీ పట్టేశాయి, వాటి కాలం వచ్చింది కదా.

అక్టోబరు 19

+1. సున్నా దాటి పైకి లేచింది! పగులు 31.5. పైన స్లాబు గొట్టం కింద నేలలో చిన్న మడుగు, అందులో కప్ప. ఏడాదంతా ఆ మూల రెండు చివరలా దెబ్బ తింటోంది: ఎండల్లో చెట్టు పీల్చేస్తుంది, వానల్లో స్లాబు నీళ్ళన్నీ దాని నెత్తినే. పైనించి కిందికి మొత్తం ఆట 7 మి.మీ.

నవంబరు 9

పని మొదలు. స్లాబు గొట్టాన్ని మూల నుంచి తప్పించి, అడ్డంగా నడిపి వీధి కాలువలో కలిపాం. ఇంటి పడమర, ఉత్తరం వైపు గోడ వారన మూడడుగుల వెడల్పు గచ్చు, బయటికి వాటం పెట్టి. మేస్త్రిగారు కుర్చీ వేసుకుని కూచుని చేయించారు. "ఈ వాటం మాత్రం ఈశాన్యానికి కాదండోయ్" అని నాకు చురక. మొత్తం ఇరవై ఆరు వేలు.

చెట్టు సంగతి తేలడానికి టైం పట్టింది. బాబాయి వెంటనే కొట్టించేద్దాం అన్నాడు. కాటా పని మీద వెళ్ళిన మిల్లులో పరిచయమైన ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి నా అంకెలు చూపించాను. ఆయన మొదటి మాటే "చెట్టు కొట్టకండి" అని. ఇన్నేళ్ళుగా ఆరిన బంక, చెట్టు పోతే ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చి ఉబ్బుతూనే ఉంటుంది. ఇప్పుడు దిగే మూల అప్పుడు ఎత్తుకుంటుంది, మళ్ళీ పగుళ్ళు. కొమ్మలు మూడో వంతు తగ్గించి, ఏటా అలా ఉంచుకుంటూ, కొలతలు ఆపొద్దన్నారు. పునాది కింద కాంక్రీటు గురించి అడిగితే, ఇంకో రెండు వేసవులు చూసి మాట్లాడదామన్నారు. పగులుని ఇప్పుడే సిమెంటుతో పూడ్చొద్దని కూడా. విచ్చుకుని ఉన్నప్పుడు నింపితే, మూసుకునేటప్పుడు చోటు లేక పక్కన ఇంకోటి పుడుతుంది.

ఫిబ్రవరి 22

కొమ్మలు కొట్టించాం. గట్టు లీజు రైతు కిందే ఉంది. వెళ్ళి అడిగితే అతను ముందు అనుమానంగా చూశాడు, బాబాయి మాటలు అతని చెవిన పడే ఉంటాయి. జూన్ నాటి మట్టి ముక్క కవర్లో దాచాను, వేళ్ళతో సహా. అది చూపించాక తనే మనుషుల్ని పెట్టి కొట్టించాడు. పుల్లలు అమ్మ పొయ్యికి.

మార్చి 8

ఏడాదైంది. వాయవ్యం 0. పగులు 31.5. మళ్ళీ సున్నా కాడి నుంచి మొదలు.

మే 17

కాలువలు కట్టేశారు, చెరువూ ఎండింది. వాయవ్యం -2.5. పోయినేడు ఇదే వారం -4.5. పగులు 31.9. తలుపు అడుగు గచ్చుకి రాసుకుంటోంది గానీ భుజం అక్కర్లేదు, గడియ దగ్గర కాస్త ఎత్తి పట్టుకుంటే మూసుకుంటోంది. ఇది కొమ్మల వల్లో, గొట్టం తప్పించడం వల్లో, రెండు వారాల కిందట పడ్డ అకాల వానల వల్లో నాకు తెలీదు, మూడూ ఒకే ఏడాది వచ్చాయి.

అమ్మ క్యాలెండర్‌ని మళ్ళీ పగులు మీదికి తగిలించింది. స్క్రూలకి అడ్డమని నేను తీసేశాను. ఇప్పుడు ఫ్రిజ్ పక్కన వేలాడుతోంది. జూన్ 14 చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పెట్టాను, తెల్లవారుజామున ఐదింటికి.